జీవశాస్త్ర పరిశోధన - మన పిల్లలకున్న అవకాశాలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్నత విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఉన్నత విద్య అంటే మహాసముద్రం. నేను చాలాకాలం డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన ఒక్క రేవు గురించే చెబుతాను. జీవశాస్త్రాలలో డాక్టరేట్ పరిశోధన, అంటే పిహెచ్.డి., అది చేసేవారికి నెలనెలా వచ్చే ఫెలోషిప్పులు - ఇదీ నా విషయం.

మీలో చాలామంది "ఇది మనకెందుకు?" అనుకుంటున్నారని నాకు తెలుసు. మన ఇళ్లల్లో పిల్లవాడో, పిల్లో ఇంటర్లో బైపిసి తీసుకుంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఆశ - మెడికల్ సీటు. సీటు రాకపోతే "సరే, బి.ఎస్‌సి.లో చేర్పించండి" అంటారు. ఆ 'సరే'లో ఎంత నిరుత్సాహం వుంటుందో వినే పిల్లకు తెలుసు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదువుతున్నానని చెప్పుకోవడానికే సిగ్గుపడే పిల్లల్ని నేను ప్రతి సంవత్సరం చూశాను. డిగ్రీ పూర్తయ్యాక అబ్బాయి మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగమో, గల్ఫ్ ప్రయాణమో చూసుకుంటాడు. అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఎం.ఎస్‌సి. దాకా వచ్చినవారు కొందరే. ఆపైన పరిశోధన అనగానే ఇంట్లో వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఇంకా అయిదేళ్లా? ఎవరు కడతారు?"

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్నకు జవాబే. ఎవరూ కట్టనక్కర లేదు. జాతీయ పరీక్ష నెగ్గి పరిశోధనలో చేరిన విద్యార్థికి ప్రభుత్వమే నెలనెలా డబ్బు ఇస్తుంది. ఫీజులు వుంటే వుండవచ్చు, కాని ప్రభుత్వ సంస్థల్లో అవి ఆ ఫెలోషిప్పు ముందు స్వల్పం.

లెక్క చెబుతాను, తల్లిదండ్రులు జాగ్రత్తగా వినండి. సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి. కలిసి జరిపే నెట్ పరీక్షలో జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు, అంటే జె.ఆర్.ఎఫ్. సంపాదించిన విద్యార్థికి 2023 జనవరి నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. తర్వాత పని సంతృప్తికరంగా వుంటే సీనియర్ ఫెలోగా మూడేళ్లు నెలకు 42,000. అయిదేళ్లకు కూడితే సరిగ్గా 24 లక్షల రూపాయలు. సంస్థ హాస్టలు ఇవ్వనిచోట ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. పుస్తకాలకు, చిల్లర ఖర్చులకు ఏటా 20,000 రూపాయలు సంస్థకు వేరే ముడతాయి. ఇది అప్పు కాదు, తిరిగి కట్టేది కాదు, వడ్డీ లేదు. ఇంట్లో పెద్ద కొడుకు మీద భారం వున్న కుటుంబాలకు నా మాట ఇది: పరిశోధన చేస్తున్న కొడుకు పొదుపుగా వుంటే ఇంటికి కొంత పంపగలడు కూడా.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. మన కుర్రవాళ్లు చాలామంది విదేశాల్లో ఎం.ఎస్. చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టించి, లక్షలకు లక్షలు అప్పు చేసి వెళుతున్నారు. వెళ్లడం తప్పని నేననను. కాని అమెరికాలో ఎం.ఎస్.కు సాధారణంగా మనం కట్టాలి, జీవశాస్త్రాల్లో పిహెచ్.డి.కి ఎన్నికైతే సాధారణంగా విశ్వవిద్యాలయమే ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, స్టయిపెండ్ ఇచ్చి, ప్రతిగా పాఠాలు చెప్పిస్తుంది, లేదా ప్రయోగశాలలో పని చేయిస్తుంది. ఈ తేడా తెలియక అప్పుల పాలయిన కుటుంబాలు ఎన్ని లేవు!

ఇప్పుడు ఈ నెట్ పరీక్ష సంగతి. ఇది మామూలుగా సంవత్సరానికి రెండుసార్లు జరుగుతుంది. 2019 డిసెంబరు నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వారు కంప్యూటరు మీద జరుపుతున్నారు. అయిదు విజ్ఞాన విభాగాల్లో జీవశాస్త్రాలు ఒకటి. మూడు గంటలు, 200 మార్కులు. ఎ భాగంలో 20 ప్రశ్నలిచ్చి 15 రాయమంటారు - ఇవి మామూలు లెక్కలు, తార్కిక జ్ఞానం. బి భాగంలో 50కి 35. సి భాగంలో 75 ఇచ్చి 25 రాయమంటారు. ఒక్కొక్కదానికి నాలుగు మార్కులు, అంటే సగం మార్కులు అక్కడే. తప్పు జవాబుకు మార్కులు తగ్గుతాయి. సి భాగం బట్టీతో తేలేది కాదు. ఒక ప్రయోగం వివరించి, పటం గీసి చూపి, "దీన్ని బట్టి ఏం తెలుస్తుంది?" అని అడుగుతారు. సిలబస్ పదమూడు యూనిట్లు - కణ నిర్మాణం మొదలు పరిణామం, పర్యావరణం, గణాంక పద్ధతుల దాకా. మన డిగ్రీ పుస్తకాల్లో లేనిది ఇందులో చాలా వుంది. పరీక్షకు రెండు నెలల ముందు కూర్చుంటే కుదరదు అని చెప్పడానికే ఇదంతా వివరించాను.

అర్హతకు ఎం.ఎస్‌సి.లో జనరల్ విద్యార్థులకు 55 శాతం మార్కులు కావాలి; ఎస్.సి., ఎస్.టి., వికలాంగులకు 50 శాతం. ఎం.ఎస్‌సి. చివరి సంవత్సరంలో వున్నవారు కూడా రాయవచ్చు. జె.ఆర్.ఎఫ్.కు వయసు పరిమితి వుంది. స్త్రీలకు అందులో అయిదేళ్ల సడలింపు వుంది. జె.ఆర్.ఎఫ్. అంత ర్యాంకు రాకపోయినా నిరాశ పడవద్దు. 2024 జూన్ నుంచి ఆ ఫలితాల్లోనే 'పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే' అనే అర్హత కూడా ఇస్తున్నారు.

నెట్ ఒక్కటే దారి కాదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖకు తమ సొంత జె.ఆర్.ఎఫ్. వుంది, దానికి 'బెట్' అనే పరీక్ష. బెంగుళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌కు టాటా ఇన్‌స్టిట్యూట్ వారి ప్రవేశ పరీక్ష. అక్కడే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బి.ఎస్‌సి. తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ పిహెచ్.డి. వుంది, దానికి 'జామ్' పరీక్ష. విశ్వవిద్యాలయంలో ప్రథమ ర్యాంకు తెచ్చుకున్నవారికి ఇన్‌స్పయర్ ఫెలోషిప్పు వుంది. ఐ.ఐ.టి.ల వంటి ఎంపిక చేసిన సంస్థల్లో అత్యుత్తమ విద్యార్థులకు 2018లో ప్రధానమంత్రి రిసెర్చి ఫెలోషిప్పు మొదలుపెట్టారు. అప్పుడు ప్రకటించిన రేట్లు మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, చివరి రెండేళ్లు 80,000. ఇవేవీ రాకపోయినా కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవారికి నెట్ లేని ఫెలోషిప్పు నెలకు 8,000 వుంది. అది చాలీచాలని సొమ్ము. అయినా మొదటి ఏడాది నిలదొక్కుకుని మళ్లీ నెట్ రాయడానికి ఒక ఊతం.

ఇక మన సమాజానికి సంబంధించిన ఒక మాట దాచకుండా చెప్పాలి. 2009లో కేంద్ర ప్రభుత్వం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు ఏర్పాటు చేసింది. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు ఎం.ఫిల్., పిహెచ్.డి. కోసం అయిదేళ్లు నెలనెలా డబ్బు వచ్చేది. మన పిల్లలు ఎందరో దాని అండతో చదువుకున్నారు. 2022-23 నుంచి దాన్ని నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించారు. ఇతర ఫెలోషిప్పులతో కలగాపులగమవుతున్నదని చెప్పిన కారణం. విదేశీ చదువుల అప్పు మీద వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పథకం కూడా అప్పుడే ఆగింది. ఇవి తిరిగి రావాలని వినతిపత్రాలు ఇచ్చేవారు ఇవ్వవలసిందే, అది పౌరుల హక్కు. కాని ఆ తలుపు మళ్లీ తెరుచుకునేదాకా ఎం.ఎస్‌సి. రెండో ఏడులో వున్న పిల్ల వయసు ఆగదు కదా! మనకంటూ వున్న తలుపు మూసుకున్నప్పుడు అందరికీ వున్న తలుపు దగ్గరికి మన పిల్లల్ని సిద్ధం చేసి పంపడమే మన చేతుల్లో వున్న పని.

అక్కడ మనం ఎంతమందిమి? 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది - దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒకరు, పి.జి.లో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని. మెట్టు ఎక్కేకొద్దీ మన సంఖ్య సగమైపోతున్నది. ఆ నివేదిక పాతబడింది. కాని డిగ్రీకీ పి.జి.కీ మధ్య మన పిల్లలు ఎందుకు జారిపోతున్నారన్న ప్రశ్న పాతబడలేదు. తెలివి లేక కాదు, సమాచారం సమయానికి అందక జారిపోతున్నవారు చాలామంది. జామ్ పరీక్ష పేరు బి.ఎస్‌సి. ముగిశాక విన్నవాడికి ఆ ఏడాది పోయినట్టే.

మనవాళ్లు ఈ రంగంలో చేసిన పని ఎంతటిదో పిల్లలకు చెప్పాలి. డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ గారు 1948 నుంచి 1962 దాకా హైదరాబాదు ప్రయోగశాలకు డైరెక్టరు. నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ అదే. తర్వాత ఆయన దేశం మొత్తం సి.ఎస్.ఐ.ఆర్.కే డైరెక్టర్ జనరల్ అయినారు. ఆయన హయాంలో ఆ ప్రయోగశాలలో చేరిన పుష్పమిత్ర భార్గవ గారు 1977లో అక్కడే మొలకెత్తిన సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి, మనమంతా సి.సి.ఎం.బి. అనే సంస్థకు, మొదటి డైరెక్టరు. హబ్సిగూడలో బస్సు దిగితే కనిపించే ఆ సంస్థలో మన రాష్ట్రాల పిల్లలు పరిశోధన చేస్తున్నారు. మనం దాని ముందు నుంచే వెళుతూ "ఏదో గవర్నమెంటు ఆఫీసు" అనుకుంటాం!

ప్రొఫెసర్ ఒబైద్ సిద్దీఖీ గారు ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో 1932లో పుట్టారు. అలీగఢ్‌లో చదివి, గ్లాస్గోలో పిహెచ్.డి. చేశారు. 1962లో హోమీ భాభా పిలుపు మీద బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగం నెలకొల్పారు. అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలు చూశారు కదా, వాటి మీద ఆయన పని. వేడి తగిలితే చచ్చుబడి పడిపోయి, చల్లబడగానే లేచి తిరిగే ఈగల రకాల్ని ఆధారం చేసుకుని, నరాల్లో సంకేతం ఎలా ప్రయాణిస్తుందో శోధించారు. బెంగుళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ స్థాపకులు ఆయనే. 2006లో పద్మవిభూషణ్ వచ్చింది. 2013లో కన్నుమూశారు. మన హైదరాబాదులోనే ప్రొఫెసర్ సయ్యద్ ఎహ్తెషామ్ హస్నైన్ గారు క్షయవ్యాధి క్రిమి మీద పరిశోధన చేశారు. డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ సంస్థకు డైరెక్టరుగా, తర్వాత హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

ఇంకొకరి గురించి చెబితే ఈ సంఘానికి ఎక్కువ పనికొస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాలంటే చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండగా వుంటామన్నది. అక్కడికి వెళ్లాక పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. కేన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డి.ఇ.సి. మందు ఆయన నడిపిన పరిశోధనల నుంచి వచ్చినవే. ప్రభుత్వం వారు మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు మాత్ర అదే. ఒక ఊరి ధర్మసంస్థ ఒక కుర్రవాడికి సమయానికి భరోసా ఇవ్వడం వల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో లెక్కకట్టగలమా? ఆ రోజుల్లో ఫెలోషిప్పులు అరుదు గనుక ధర్మసంస్థ పెద్ద భారమే మోయవలసి వచ్చింది. ఇప్పుడు పెద్ద భారం ప్రభుత్వం మోస్తున్నది. మనం మోయవలసింది చిన్న భారమే, ఆ చిన్న భారం ఏమిటో చివర చెబుతాను.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకించి రెండు మాటలు. మన ఇళ్లల్లో జీవశాస్త్రం చదివేది ఎక్కువగా అమ్మాయిలే. "పెళ్లీడు పిల్లను అయిదేళ్లు ఎక్కడో వుంచడమెలా?" అనే బెంగ సహజం, దాన్ని నేను తీసిపారేయను. కాని నియమాలు తెలుసుకోండి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం స్త్రీలకు పిహెచ్.డి. పూర్తిచేయడానికి మామూలు గడువు పైన రెండేళ్లు అదనంగా ఇవ్వవచ్చు. ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు కలిపి 240 రోజుల దాకా ఇవ్వవచ్చు. అంటే పెళ్లి, పిల్లలు, పరిశోధన మూడూ కలిసి సాగవచ్చునని ఆ నియమాలు రాసినవారే ఒప్పుకున్నారు. పెద్ద పరిశోధనా సంస్థల్లో చాలావాటికి హాస్టలు వసతి వుంది. హైదరాబాదు చుట్టుపక్కలే సి.సి.ఎం.బి., డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ సంస్థ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, కేంద్ర విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులో ఇక్రిశాట్ వున్నాయి. రాయలసీమవారికి తిరుపతిలో 2015 నుంచి ఐసర్ వుంది. ఇంట్లోంచి పంపడానికి భయపడేవారు ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. పెళ్లి సంబంధం కుదుర్చుకునేటప్పుడు "మా అమ్మాయి పరిశోధన పూర్తి చేస్తుంది" అన్న మాట ముందే ఖాయం చేసుకోండి. కట్నకానుకల మాట ఖాయం చేసుకునే ఓపిక వున్నవాళ్లకు ఈ ఒక్క మాట బరువా?

తీపి మాటలే చెప్పి కూర్చోవడం న్యాయం కాదు. పరిశోధన కష్టమైన పని. అయిదేళ్లు అన్నది చాలాసార్లు ఆరేళ్లవుతుంది. నెలలకొద్దీ చేసిన ప్రయోగం ఫలితమివ్వకపోవచ్చు. గైడు మంచివాడైతే బతుకు హాయి, కాకపోతే నరకం. అందుకే చేరేముందు ఆ ప్రయోగశాలలో ఇప్పటికే చదువుతున్న విద్యార్థులను కలిసి, ఎవరు ఎన్నేళ్లలో పూర్తి చేశారో, తర్వాత ఏమయ్యారో అడిగి తెలుసుకోవాలి. పిహెచ్.డి. చేతికి రాగానే ప్రొఫెసర్ ఉద్యోగం గుమ్మంలో నిలబడదు. అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అయితే టీకాలు, మందులు తయారుచేసే కంపెనీల్లో, ఆసుపత్రుల పరిశోధనా విభాగాల్లో, విత్తన పరిశ్రమలో, పేటెంటు పనుల్లో ఈ చదువుకు చోటు వుంది. హైదరాబాదు శివార్లలోని జినోమ్ వ్యాలీ పేరు కోవిడ్ టీకా నాడు అందరూ విన్నారు. పరీక్షలు కూడా ఎప్పుడూ చెప్పిన తేదీకి జరుగుతాయన్న భరోసా లేదు. 2024 జూన్ నెట్ వాయిదా పడి జూలై ఆఖరున జరిగింది. అలాంటప్పుడు పిల్లలు కుంగిపోకుండా చూసుకోవలసింది ఇంట్లోవాళ్లే.

విదేశాల సంగతి కూడా క్లుప్తంగా. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థలు నడిపే అంతర్జాతీయ పరిశోధనా విద్యాలయాల్లో ఇంగ్లీషులోనే పని జరుగుతుంది, విద్యార్థికి నెలనెలా డబ్బు వస్తుంది. హైడల్‌బర్గ్‌లోని యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలకు కూడా అలాంటి పథకం వుంది. ఇంగ్లండుకు కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పు, కేంబ్రిడ్జికి గేట్స్ స్కాలర్‌షిప్పు వున్నాయి. అమెరికాలో 2025లో ప్రభుత్వ పరిశోధన నిధులు తగ్గించడం వల్ల కొన్ని విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. సీట్లు కుదించాయి, ఇచ్చిన సీట్లు వెనక్కు తీసుకున్నవీ వున్నాయి. కనుక ఆ ఒక్క దేశం మీదే ఆశ పెట్టుకోవద్దు. డబ్బు కట్టించుకుని సీటు ఇప్పిస్తామనే ఏజెంట్ల గడప తొక్కవద్దు. ఫెలోషిప్పుతో వచ్చే పిహెచ్.డి.కి ఏజెంటు అక్కరలేదు. మంచి మార్కులు, ప్రయోగశాల అనుభవం, ఉపాధ్యాయులు రాసిచ్చే సిఫారసు లేఖలు - ఇవే కావాలి.

విద్యార్థులారా, ఇప్పుడు మీకు. ఏ సంవత్సరంలో ఏం చేయాలో రాసుకోండి.

డిగ్రీ రెండో సంవత్సరంలోనే మనసు స్థిరపరచుకోండి. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలలు పెద్ద ప్రయోగశాలల్లో పనిచేసే అవకాశం ఇస్తాయి, స్టయిపెండ్ కూడా వుంటుంది. దానికి ముందు సంవత్సరం చివర్లోనే దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో జామ్, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సి.యు.ఇ.టి. పి.జి., బయోటెక్నాలజీకి గాట్-బి, మన రాష్ట్రాల పి.జి. ప్రవేశ పరీక్షలు - కనీసం మూడు రాయండి. ఎం.ఎస్‌సి.లో చేరిన మొదటి నెలనుంచే నెట్ సిలబస్‌ను యూనిట్ల వారీగా చదవండి. ఇంగ్లీషులో శాస్త్ర వ్యాసం చదవడం వారానికొకటైనా అలవాటు చేసుకోండి. తెలుగు, ఉర్దూ మీడియం నుంచి వచ్చినవారు దిగులు పడవద్దు. శాస్త్రం ఇంగ్లీషు వేరు, దర్జా ఇంగ్లీషు వేరు. మొదటిది ఏడాదిలో పట్టుబడుతుంది. నాలుగేళ్ల డిగ్రీ చేస్తున్నవారు ఇంకొకటి గమనించండి: 75 శాతం మార్కులుంటే ఎం.ఎస్‌సి. లేకుండానే పిహెచ్.డి.కి అర్హత వుందని 2022 నిబంధనలు చెబుతున్నాయి.

సర్టిఫికెట్ల సంగతి మరచిపోవద్దు. మన రాష్ట్రాల బి.సి.-ఇ సర్టిఫికెట్టు రాష్ట్ర ప్రవేశాలకు పనికొస్తుంది. కేంద్ర పరీక్షల్లో ఓబిసి కింద రావాలంటే కేంద్ర జాబితాలో పేరుండాలి. దూదేకుల, నూర్‌బాషా వారి పేరు ఆ జాబితాలో వుంది. కేంద్ర జాబితాలో లేనివారు, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు వుండి ఇతర షరతులకు సరిపోతే, ఇ.డబ్ల్యు.ఎస్. సర్టిఫికెట్టు కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోండి. దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. ఆఖరు రోజున పరుగెత్తితే ఏ కాగితమూ దొరకదు.

ఇక సంఘం పెద్దలకు నా విన్నపం. చిన్న భారం అన్నానే, అది ఇదీ.

ఒకటి: మన వూళ్లో, చుట్టుపక్కల బి.ఎస్‌సి. రెండో సంవత్సరం చదువుతున్న మన పిల్లల జాబితా ఒకటి తయారుచేయండి. పరీక్షల తేదీలు, దరఖాస్తు గడువులు ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయం గోడకు, మన షాదీఖానా నోటీసు బోర్డుకు అంటించండి. దీనికి ఖర్చు పది రూపాయలు కాదు.

రెండు: సంఘం ఇస్తున్న స్కాలర్‌షిప్పులు మంచివే. వాటికి తోడు వడ్డీ లేని చేబదులు నిధి ఒకటి పెట్టండి. పరీక్ష ఫీజులు, బెంగుళూరు, పూనా ఇంటర్వ్యూలకు రైలు ఛార్జీలు, అన్నిటికంటే ముఖ్యం చేరిన తర్వాత మొదటి నెలల ఖర్చు. ఫెలోషిప్పు మంజూరైనా మొదటి సొమ్ము చేతికందడానికి నెలలు పట్టడం చాలాచోట్ల మామూలు. ఆ మూడు నాలుగు నెలలు గడవకే తిరిగొచ్చే పేదపిల్లలున్నారు. ఒక్కొక్కరికి యాభై వేలు చేబదులు ఇవ్వండి. ఫెలోషిప్పు రాగానే వాయిదాల మీద వాళ్లే తిరిగి కడతారు. ఆ డబ్బే వచ్చే ఏడు ఇంకొకరికి వెళుతుంది. నిధి తరగదు.

మూడు: పరిశోధన చేస్తున్న మన పిల్లలు ఎక్కడున్నా వెతికి పట్టుకుని, ఒక్కొక్కరి చేతికి ఒక తమ్ముణ్ణో చెల్లెలినో అప్పగించండి. నెలకొకసారి ఫోనులో మాట్లాడి దారి చెబితే చాలు. ఎవరూ దారి చెప్పని ఇంట్లోంచి వచ్చిన పిల్లకు దారి తెలిసిన అన్న ఒక్కడు దొరికితే సగం పరీక్ష నెగ్గినట్టే.

వచ్చే వార్షిక సభలో కార్యదర్శిగారు చదివే నివేదికలో, ఇన్ని దుప్పట్లు పంచాం, ఇన్ని పుస్తకాలు ఇచ్చాం అన్న వాక్యాలతో పాటు, "ఈ ఏడు మన పిల్లలు ఇంతమంది నెట్ రాశారు" అనే వాక్యం ఒకటి చేరాలని నా కోరిక. ఎంతమంది నెగ్గారన్నది తర్వాతి సంగతి, ముందు రాసినవారి సంఖ్య పెరగనివ్వండి.

తల్లులారా, తండ్రులారా, "ఎవరు కడతారు?" అనే ప్రశ్న ఇక ఇంట్లో వినబడనివ్వకండి. దాని స్థానంలో "దరఖాస్తు గడువెప్పుడు?" అని అడగండి.